మా జీపుకు పాట నేర్పాం

మా జీపుకు తలుపులు లేవు. వెనక అద్దం లేదు. పైన గుడ్డ టాపు వుంది గాని, అది వానకు ఆగేదానికంటే గాలికి టపటప కొట్టుకునేదే ఎక్కువ. అటువంటి బండిలో పాటలు పెట్టించుకోవాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందా అని మీరు నవ్వుకోవచ్చు. పుట్టింది నాకు కాదు, మా అమ్మకు.

నేను చోడవరంలో కాపురం వుంటున్నాను. కొండ మీది గూడేలకు వూటనీటిని గొట్టాల ద్వారా దించే చిన్న చిన్న పనులు కాంట్రాక్టుకు చేయిస్తూ వుంటాను. మాడుగుల దాటి పాడేరు ఘాటీ ఎక్కడం, అక్కణ్ణించి రాళ్ళదారుల్లో పడి గూడేలకు పోవడం, ఇదే నా వారమంతా. ఆ దారులకు కారు పనికిరాదు. అందుకని పాత మహీంద్రా జీపు ఒకటి పెట్టుకున్నాను. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను మనదేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ వంశంలోదే మా బండి కూడా. 2020లో వచ్చిన కొత్త థార్ బండికి కంపెనీలోనే స్పీకర్లు అమర్చారు. మా బండి పుట్టిననాటికి అటువంటి భోగాలు లేవు. హారను మోగడమే దాని సంగీతం.

మా అమ్మకు 76 ఏళ్ళు. ఉబ్బసం మనిషి. చెవి కూడా కొంచెం మందగించింది. అయినా జీపులో ముందు సీటు ఎవరికీ ఇవ్వదు. ఒకనాడు ఘాటీ దిగుతూ అన్నది:

"ఒరే నాయనా, ఇంతదూరమూ ఈ ఇంజను రొద వినలేక చస్తున్నాను. మాట వినబడేటట్టు ఒక పాటైనా పెట్టించకూడదుట్రా?"

పాఠకులు ఈ వాక్యంలో "మాట వినబడేటట్టు" అన్న ముక్కను జ్ఞాపకం పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు. తర్వాత జరిగిన అనర్థమంతా దానివల్లనే.

వెయ్యి వాట్ల వైభవం

పట్నంలో ఒక షాపుకు వెళ్ళాను. పేరెందుకు లెండి. తప్పులో సగం నాది కూడాను. షాపతను ఒక నల్లటి పెట్టె చూపించాడు. మా ఆవిడ బియ్యం డబ్బా కంటే పెద్దది. దానిమీద బంగారు అక్షరాలతో "1000 వాట్లు" అని వుంది. నాకు కళ్ళు చెదిరాయి. తలుపులు లేని బండి గనుక ఎంత పెద్ద చప్పుడైతే అంత మంచిదనుకున్నాను.

మా అమ్మాయి కాలేజీలో ఫిజిక్సు చదువుతోంది. పక్కన నిలబడి, "నాన్నా, మన బ్యాటరీ అంత కరెంటు ఇవ్వగలదా?" అని అడిగింది. "నీకు తెలీదు, వూరుకో" అన్నాను.

షాపతను లెక్క రాసి, మంచి రాగి తీగ, ఫ్యూజు, సామాన్లు అంటూ కింద ఒక పద్దు వేశాడు. "తీగకు కూడా ఇంత ధరేమిటయ్యా!" అని బేరం ఆడాను. అతను రెండుసార్లు గొణిగి, మూడోసారి, "సరే మీ యిష్టం, మామూలు తీగ వేస్తాను" అన్నాడు. ఆనాడు నేను మిగుల్చుకున్న సొమ్ము ఎంతో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా వుంది.

పోయిన మార్గశిరంలో పాడేరు మోదకొండమ్మ తల్లికి అమ్మ మొక్కు తీర్చడానికి నలుగురమూ బయలుదేరాం. మాడుగులలో హల్వా కొనుక్కున్నాం. పాట పెట్టాను. వెనకనించి దబదబమని మోత మొదలైంది. గూడ్సుబండి మీంచి పోతున్నట్టుగా సీటు కదులుతోంది. ఘంటసాలవారి గొంతు మాత్రం ఎక్కడా లేదు.

"మాట వినబడదేమిరా? గుండెలమీద ఎవరో రోకటిపోట్లు వేస్తున్నట్టుంది!" అన్నది అమ్మ.

మాట వినబడడానికని ఇంకా పెంచాను. దబదబ పెరిగింది. మాట పెరగలేదు.

ఘాటీ సగం ఎక్కేసరికి చీకటి పడింది, మంచు దిగింది. అప్పుడు మా ఆవిడ, "ఏమండీ, ఏదో కాలుతున్న వాసన" అన్నది. డాష్‌బోర్డు కిందినించి పొగ వస్తోంది. గబగబా బండి పక్కకు తీసి తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది. పొగ ఆగలేదు!

ఆ క్షణంలో నాకు కలిగిన భయం మాటల్లో చెప్పలేను. అమ్మను దింపమని అరిచి, బానెట్టు ఎత్తి, స్పానరుతో బ్యాటరీ కొన వూడదీశాను. అరచెయ్యి కాలింది. మా ఆవిడా అమ్మాయీ దోసిళ్ళతో మట్టి చల్లారు. మంట చల్లారింది గాని, బండిలోని తీగలన్నీ కరిగి ముద్దయిపోయాయి. దీపం లేదు. ఫోనులో సిగ్నలు లేదు. పొగకూ చలికీ అమ్మకు ఆయాసం ఎత్తుకుంది. ఆవిడ పీల్చే మందు రెండుసార్లు పీల్చినా తెరిపి రాలేదు. గంటసేపు ఆ మలుపులో రాతిమీద కూర్చోబెట్టి, నా కోటు కప్పి, వీపు నిమురుతూ వుండిపోయాను. చివరకు ఆర్టీసీ బస్సు ఒకటి వచ్చింది. కండక్టరు తన సీటిచ్చి అమ్మను కూర్చోబెట్టాడు. పాడేరు ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టి, మందు ఆవిరి పట్టారు. అర్ధరాత్రికి నెమ్మదించింది. కళ్ళు తెరిచి ఆవిడ అన్న మొదటిమాట, "మొక్కు తీర్చకుండా నన్ను కిందికి తీసుకుపోకు" అని.

మేస్త్రిగారి పాఠం

జీపును లారీకి కట్టి కిందికి దింపించి, అనకాపల్లిలో బళ్ళ కరెంటుపని చేసే ఒక ముసలి మేస్త్రి దగ్గర పెట్టాను. ఆయన ఇంజనుకూ మనకూ మధ్య అడ్డంగా వుండే రేకును చూపించాడు. దానికో కన్నం. ఆ కన్నంలోంచి వచ్చిన తీగ సగం తెగి వుంది.

"చూశారా బాబూ! ఈ రేకు అంచు కత్తిలా వుంటుంది. కన్నానికి రబ్బరు బుష్ తొడగలేదు. జీపు కుదుపుకు తీగ రోజూ రాసుకుంది. పైతొడుగు కోసుకుపోయి రాగి రేకుకు తగిలింది. ఫ్యూజు లేదు గనుక బ్యాటరీలో వున్న బలమంతా తీగలోకి వచ్చేసింది. తాళం తిప్పితే ఎందుకాగుతుంది? ఇది తాళానికి సంబంధం లేకుండా సూటిగా బ్యాటరీనించి వచ్చిన తీగ."

"ఫ్యూజు ఆంప్లిఫయరులో వుందిగా?" అన్నాను.

"వుంది. అది ఆంప్లిఫయరును కాస్తుంది. తీగను ఎవరు కాస్తారు? బ్యాటరీ దగ్గర మూరెడు లోపల ఇంకో ఫ్యూజు వుండాలి. కాపలావాణ్ణి ఇంటి గుమ్మం దగ్గర పెట్టాలి గాని, పెరట్లో పెడితే ఏం లాభం?"

ఆ పూటనించి వారంరోజులు నేనూ మా అమ్మాయీ ఆయన షెడ్డులో విద్యార్థులమై కూర్చున్నాం. అక్కడ నేర్చుకున్నదీ, తర్వాత స్వయంగా బిగించి తెలుసుకున్నదీ పాఠకుల ముందుంచుతున్నాను. జీపులున్న ఇళ్ళు, పిల్లలు "పాటల పెట్టె" కావాలని పోరుతున్న ఇళ్ళు, చాలా వున్నాయి గదా!

అట్టపెట్టె మీది అంకెలు

మొదటిది, వాట్ల మోసం. పెట్టెమీద పెద్ద అక్షరాలతో వేసేది క్షణకాలం మెరిసే శక్తి. నిలకడగా ఇచ్చే శక్తిని "ఆర్.ఎం.ఎస్." అని చిన్న అక్షరాలతో వేస్తారు. మనం చదవవలసింది అదే. అదీ నమ్మకం లేకపోతే సెట్టు వెనకనున్న ఫ్యూజు చూడండి. 10 ఆంపియర్ల ఫ్యూజు వుంటే, 12 వోల్టులతో గుణిస్తే 120 వాట్లు. బ్యాటరీనించి ఆ సెట్టు నిలకడగా తీసుకోగలిగింది సుమారుగా అంతే. అటువంటి సెట్టుమీద "నాలుగు యాభైలు, రెండువందల వాట్లు" అని రాస్తే, అది శుభలేఖలో ఆస్తుల జాబితా వంటిది. నిజంగా వెయ్యి వాట్లే ఇచ్చే యంత్రమయితే 80 ఆంపియర్లకు పైగా లాగాలి. పాత జీపులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు అంత ఇవ్వలేదు.

రెండవది, వాట్లు పెంచినంత మాత్రాన చప్పుడు అంతగా పెరగదు. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి అది కొద్దిపాటి తేడా. అందుచేత స్పీకరు కాగితంలో "సెన్సిటివిటీ" అన్న అంకె చూడాలి. ఒక వాటు శక్తి ఇస్తే మీటరు దూరంలో ఎంత వినిపిస్తుందో చెప్పే అంకె అది. 86 వున్న స్పీకరుకు 200 వాట్లు పోస్తే వచ్చే చప్పుడు, 92 వున్న స్పీకరుకు 50 వాట్లతోనే వస్తుంది. కూత బాగా పెట్టే కోడిని కొనాలి గాని, ఎక్కువ మేసే కోడిని కొంటే ఏం ప్రయోజనం?

చెవి దగ్గరే పాట

మా నల్లపెట్టెలో మాట ఎందుకు వినబడలేదో మా అమ్మాయి విప్పి చెప్పింది. మూసివున్న కారులో మంద్రస్వరాలు అద్దాలమధ్య చిక్కుకుని బలపడతాయి. తలుపుల్లేని జీపులో అవి బయటికి పోతాయి. పైగా ఇంజను రొద, టైర్ల రొద చాలామటుకు మంద్రంలోనే వుంటాయి. వాటితో పోటీపడి పెట్టెను మోగించడం, సంతలో అరిచేవాడితో అరవడం వంటిది. పాటలోని మాట స్పష్టంగా తెలియజేసే హల్లుల ధ్వనులు దాదాపు 1000నుంచి 4000 హెర్ట్జుల మధ్య వున్నాయి. వయసు మీద పడేకొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి పైస్వరాలు. మా అమ్మకు రోకటిపోట్లు వినబడి, మాటలు వినబడకపోవడంలో వింతేముంది?

కనుక నల్లపెట్టె తీసేశాం. ఆరున్నర అంగుళాల స్పీకర్లు రెండు, ముందు సీట్ల వెనకనున్న ఇనుప కమానుకు, చెవి ఎత్తులో, మనిషివైపు తిరిగి వుండేలా బిగించాం. దూరం సగమైతే బయటిగాలిలో 6 డెసిబెల్ దాకా కలిసొస్తుంది. అంటే నాలుగురెట్ల వాట్లు వూరికే వచ్చినట్టు! కొత్త థార్‌లో కూడా స్పీకర్లు పైకప్పుకే వుండడం చూశాక, మేస్త్రి మాట మీద నాకు గురి కుదిరింది. ఆంప్లిఫయరుమీద "హై పాస్" అనే మీట వుంటుంది. దాన్ని 100 హెర్ట్జుల దగ్గర పెడితే అంతకు కిందనున్న మంద్రం తగ్గిపోయి, చిన్న స్పీకరు బాధపడకుండా మాట తేటపడుతుంది.

ఒక హెచ్చరిక. కమానుకు కన్నాలు వెయ్యకండి. బండి బోల్తాపడితే మన తలకాయలను కాచేది అదే. కన్నం వేస్తే బలం తగ్గుతుంది. రబ్బరు పట్టీలున్న క్లాంపులు దొరుకుతాయి. వాటితోనే పట్టించాలి. నట్లు కుదుపుకు వూడకుండా లోపల నైలాను వున్నవి వాడాలి.

నీరు, దుమ్ము, కుదుపు

కాగితపు గుండ్రంతో చేసిన మామూలు స్పీకరు ఒక్క వానకు అప్పడంలా నానిపోతుంది. పడవల కోసం చేసే స్పీకర్లు ఇందుకు మేలు. వాటి గుండ్రం ప్లాస్టిక్కుది, అంచు రబ్బరుది, మరలు తుప్పు పట్టనివి. సెట్టుమీద "ఐ.పి." అన్న గుర్తు పక్కన రెండంకెలు చూడండి. మొదటి అంకె 6 అయితే దుమ్ము చొరదు. రెండో అంకె 5 అయితే పిచికారీ నీటికి ఆగుతుంది, 6 అయితే ఇంకా బలమైన ధారకు ఆగుతుంది. 7 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా ఫరవాలేదు. గెడ్డలు దాటే బండికి రెండో అంకె 6కు తక్కువ కాకుండా తీసుకోవాలి. అంతమాత్రాన సర్వీసింగు కుర్రాడు గొట్టంతో దగ్గరినించి కొడుతూ వుంటే వూరుకోకండి.

ఆంప్లిఫయరును సీటుకింద, నేలకు రెండంగుళాలు ఎత్తులో, రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టాం. వేడి పోవడానికి చుట్టూ జాగా వుంచాం. దానికి పోయే తీగ ముందు కిందికి వంగి తర్వాత పైకి వెళ్ళాలి. అప్పుడు తీగవెంట జారే నీరు వంపు దగ్గరే రాలిపోతుంది.

పాటలు ఎక్కడినించి వస్తాయన్నది మరో సంగతి. కొండ అడ్డం వస్తే ఎఫ్.ఎం. మాయమవుతుంది. ఫోనుకు సిగ్నలు వుండదు. కనుక యు.ఎస్.బి. పుల్ల పెట్టుకునే సెట్టు తీసుకుని, అమ్మకు కావలసిన పాటలన్నీ ఇంటి దగ్గరే ఎక్కించుకున్నాం. బొమ్మల తెర వద్దనుకున్నాం. ఘాటీలో నా కళ్ళు మలుపు మీద వుండాలి. చీకట్లో తడిమినా దొరికే గుండ్రటి మీట వున్నదే మంచిది.

తీగకు కాపలా

ఇప్పుడు మా ఆంప్లిఫయరు నిజమైన 100 వాట్లది. 12తో భాగిస్తే 8 ఆంపియర్ల పైచిలుకు. వేడిరూపంలో పోయేదాన్ని కలుపుకుంటే 10. దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి మూరెడు లోపల. తీగ 6 చదరపు మిల్లీమీటర్ల రాగిది. ఫ్యూజు తెగేలోగా తీగ వేడెక్కకూడదన్నదే సూత్రం. ఫ్యూజు మాటిమాటికీ తెగుతోందని పెద్ద ఫ్యూజు వేసేవాడు కాపలావాణ్ణి నిద్రపుచ్చినట్టే.

తీగలోనూ మోసం వుంది. అల్యూమినియం పోగులకు రాగి పూత పూసి అమ్ముతారు. చాకుతో ఒక పోగును గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది పూత. లోపలా ఎర్రగానే వుంటే అసలు రాగి.

రేకులోంచి పోయేచోట రబ్బరు బుష్, దానిపైన ముడతల గొట్టం, జానెడుకొక కట్టు. ఇంజను వేడి గొట్టాలకూ స్టీరింగు కడ్డీకీ దూరంగా పోవాలి. నల్లతీగను బండి ఇనుముకు బిగించేచోట రంగు గీకి, మెరిసే ఇనుము కనబడేదాకా శుభ్రం చేసి, లగ్గు వేసి బిగించి, పైన గ్రీజు పూయాలి. ఆ పట్టు సరిగ్గా లేకపోతే, ఇంజను వేగం పెరిగినప్పుడల్లా స్పీకర్లో ఈలవంటి ధ్వని పెరుగుతుంది. పాట తీగలూ బ్యాటరీ తీగా బండికి చెరొక పక్కనా నడిపితే ఆ బెడద ఇంకా తగ్గుతుంది.

సెట్టు వెనక తీగల్లో సాధారణంగా పసుపు రంగుది ఎప్పుడూ కరెంటు వుండేది, ఎర్రది తాళంతో వచ్చిపోయేది, నల్లది ఇనుముకు పోయేది. ఆంప్లిఫయరును లేపే తీగ నీలంది. ఎర్రదీ పసుపుదీ కలిపి బ్యాటరీకే కట్టేస్తే తాళం తీసినా సెట్టు నిద్రపోదు. 60 ఆంపియర్ గంటల బ్యాటరీనించి 5 ఆంపియర్లు ఆరుగంటలు తీస్తే సగం ఖాళీ. మిగిలిన సగంతో డీజిలింజను చలికాలపు తెల్లవారుజామున లేవకపోవచ్చు. గూడెంలో బండి ఆపి పాటలు వినేవాళ్ళు ఇది మరిచిపోకూడదు.

పని ముగించే ముందు మేస్త్రి ఫ్యూజు తీసి నా చేతికిచ్చి, "ఇది ఆఖర్న మీరే పెట్టండి బాబూ" అన్నాడు. తీగలన్నీ చూసి, ఎక్కడా రాపిడి లేదని తేల్చుకున్నాకే పెట్టాను. మొత్తం ఖర్చు ఆ నల్లపెట్టె ఖరీదులో సగం కూడా కాలేదు.

చాలు అనుకోవడం

వినికిడికి ఒక లెక్క వుంది. అమెరికాలోని నియోష్ అనే సంస్థ 85 డెసిబెల్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదంటుంది. మూడు డెసిబెల్ పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. 94 అయితే ఒక్క గంట! ఘాటీలో ఎదురు లారీ హారను వినబడకుండా పాట పెడితే, ఆ లెక్కల అవసరం కూడా వుండకపోవచ్చు. మేం ఒక నియమం పెట్టుకున్నాం. వెనక సీట్లోవాళ్ళు గొంతు పెంచకుండా మాట్లాడితే ముందువాళ్ళకు వినబడాలి. పాట అంతే. గూడెం పొలిమేరలో అదీ కట్టేస్తాం. పగలంతా కొండమీద పనిచేసి పడుకున్నవాళ్ళ నిద్ర మన ఘంటసాలకోసం చెడగొట్టే హక్కు మనకు లేదు.

మాఘమాసంలో అమ్మను మళ్ళీ పాడేరు తీసుకువెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నా చేతులు చెమర్చాయి. అందరం ముక్కులెగబీల్చాం. కాఫీపూల వాసన తప్ప ఏమీ లేదు. చిన్నగా పాట పెట్టాను. అమ్మ కాసేపు తల వంచి విన్నది. పెదవులు కదిలాయి. గాయకుడితోపాటు మాట మాట అందుకుని తనూ పాడుతోంది!

"వినబడుతోందా అమ్మా?" అన్నాను.

"వినబడక! అక్షరం అక్షరం వినబడుతోంది" అన్నది.

రెండు మలుపులు దాటాక కొండ అంచున గెడ్డ దూకుతున్న చోటు వచ్చింది. అమ్మ చెయ్యిచాపి, మీట తానే తిప్పి, పాట కట్టేసింది.

"అదేమిటమ్మా, బాగాలేదా?"

"బాగుంది నాయనా. ఇప్పుడు కాస్త ఆ నీళ్ళ చప్పుడు విననీ."